సస్పెన్షన్ సెన్సర్ చవకదైనా చాలు, ముందు కొలతలు తీయండి

సంపాదకులకు నమస్కారం.

రేస్ కారులో డేటా లాగర్ (సెన్సర్ల రీడింగులను నమోదు చేసే పెట్టె) పెట్టుకోవాలనుకునే కొత్తవాళ్ల కోసం మీ పత్రిక వేసిన వ్యాసం ఉపయోగపడేదే. కానీ సస్పెన్షన్ ఎంత కదిలిందో కొలిచే పొజిషన్ సెన్సర్ల దగ్గరికొచ్చేసరికి రచయిత రెండు ముక్కల్లో తేల్చేశారు. అవి డబ్బున్న జట్ల వ్యవహారమట. ఒకవేళ కొంటే, వీలైనంత పొడవు స్ట్రోక్ (రాడ్ కదలగలిగే దూరం) ఉన్నది కొనడం క్షేమమట. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. రేసింగ్ పేరుతో అమ్మే సెన్సర్‌కూ, పరిశ్రమల్లో వాడే అదే కొలత సెన్సర్‌కూ ధరలో ఎన్నో రెట్ల తేడా ఉంటుంది. లోపలి సూత్రం మాత్రం ఒకటే. చవకది కొన్నందువల్ల డేటా చెడదు. స్ట్రోక్ లెక్క వేయకుండా కొనడం, లాగర్‌కు అడ్డదిడ్డంగా కలపడం, వదులు బ్రాకెట్‌కు బిగించడం, వీటివల్ల చెడుతుంది. ఈ మూడు తప్పులూ ఖరీదైన సెన్సర్‌ను కూడా వదలవు.

కొనేముందు దానితో ఏం తెలుసుకోవాలో తేల్చుకోవాలి. కారు నేలకు ఎంత ఎత్తులో పోతోంది, మలుపులో ఎంత ఒరిగింది, బ్రేక్ వేస్తే ముక్కు ఎంత దిగింది, బంప్ స్టాప్ (కదలిక చివర ఆపే రబ్బరు) ఎక్కడ తగిలింది, ఇంతవరకే కావాలంటే సెకనుకు 50 నుంచి 100 రీడింగులు సరిపోతాయి. చాలా రేస్ కార్లలో బాడీ సెకనుకు 2 నుంచి 5 సార్లు ఊగుతుంది. చక్రం గెంతేది 10 నుంచి 20 సార్లు. డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) ఎంత వేగంగా కదులుతోందో తెలియాలంటే మాత్రం కథ వేరు. వేగాన్ని సెన్సర్ నేరుగా చెప్పదు. ఒక రీడింగుకూ తరవాతి రీడింగుకూ ఉన్న తేడాను మధ్యలో గడిచిన కాలంతో భాగిస్తేనే అది వస్తుంది. అందుకు సెకనుకు కనీసం 200 రీడింగులు కావాలి, 500 ఉంటే మేలు.

పొడవు స్ట్రోక్ క్షేమమన్న సలహా బెడిసికొట్టేది సరిగ్గా ఇక్కడే. లాగర్ 10 బిట్లది అనుకుందాం. సున్నా నుంచి 5 వోల్టుల వరకు దానికి కనిపించేది 1024 మెట్లే. 200 మిల్లీమీటర్ల సెన్సర్ పెడితే ఒక్కో మెట్టు దాదాపు 0.2 మిల్లీమీటర్లు. సెకనుకు 500 రీడింగులు తీస్తుంటే, డ్యాంపర్ కదలకపోయినా రీడింగు ఒక్క మెట్టు అటూ ఇటూ అయిందంటే చాలు, లెక్కలో సెకనుకు 98 మిల్లీమీటర్ల వేగం పుట్టుకొస్తుంది. డ్యాంపర్‌లో లో స్పీడ్ (నెమ్మది కదలిక), హై స్పీడ్ (వేగమైన కదలిక) అని విడదీసే గీత సాధారణంగా సెకనుకు 25 నుంచి 50 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అంటే మీరు సర్దాలనుకున్న లో స్పీడ్ మొత్తం ఆ ఒక్క మెట్టు కిందే కప్పబడిపోతుంది. అదే లాగర్‌కు 75 మిల్లీమీటర్ల సెన్సర్ తగిలిస్తే ఆ దొంగ వేగం 37కు దిగుతుంది. 12 బిట్ల లాగరైతే మెట్లు 4096, అప్పుడు 75 మిల్లీమీటర్ల సెన్సర్‌తో 9 దగ్గరే ఆగుతుంది. లాగర్ 10 బిట్లదే అయితే రీడింగుల సంఖ్య పెంచినకొద్దీ వేగం గ్రాఫు మరింత గజిబిజి అవుతుంది. 200 దగ్గర ఆపి, పక్కపక్క రీడింగులకు బదులు ఒకటి వదిలి ఒకటి తీసుకుని తేడా లెక్కగట్టడం నయం. ఆ తరవాత ఒక మాదిరి ఫిల్టర్ వేసుకోవచ్చు. నాలుగు సెన్సర్లకూ ఒకే ఫిల్టర్ వేయాలి, లేకపోతే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య లేని ఆలస్యం కనిపిస్తుంది.

కాబట్టి మొదటి పని టేపు పట్టుకోవడం. స్ప్రింగ్ తీసేసి, డ్యాంపర్‌ను పూర్తిగా సాచి ఒకసారి, బంప్ రబ్బరు నలిగేదాకా పూర్తిగా నొక్కి ఒకసారి, దాని రెండు చివరల బోల్టు కన్నాల మధ్య దూరం కొలవాలి. తేడా 60 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. రెండు చివరలా ఐదేసి మిల్లీమీటర్లు వదిలితే 70. మార్కెట్లో దొరికే తరవాతి కొలత 75, అదే తీసుకోవాలి. బిగించేటప్పుడు సెన్సర్ స్ట్రోక్ నడిమి భాగం డ్యాంపర్ స్ట్రోక్ నడిమి భాగంతో కలవాలి. కారు నిలబడి ఉన్న ఎత్తును నడిమి అనుకుని బిగిస్తే, జాకీ ఎత్తి చక్రాన్ని వేలాడదీసిన రోజున సెన్సర్ రాడ్ చివరిదాకా లాగబడుతుంది. అప్పుడు వేలాడే చక్రం బరువును ఆపే డ్రూప్ స్టాప్ (కిందికి జారడాన్ని ఆపే అడ్డు) ఆ సన్నని రాడ్డే అవుతుంది. వంగిన రాడ్డు మళ్లీ తిన్నగా కాదు.

రకాల విషయానికొస్తే, చవకలో మొదటి స్థానం లీనియర్ పొటెన్షియోమీటర్‌దే. వర్క్‌షాపుల్లో అందరూ పాట్ అంటారు. కండక్టివ్ ప్లాస్టిక్ ట్రాకు, దానిమీద జారే వైపర్, మూడు వైర్లు, అంతే. రెండు చివరలా ఎటైనా తిరిగే గోళాకార రాడ్ ఎండ్‌లు ఉన్న సన్న గొట్టం రకం చూసుకోవాలి. ప్లాస్టిక్ మౌల్డింగ్ యంత్రాల కోసం చేసే పాట్‌లు కొలతలో నిక్కచ్చిగానే ఉంటాయి, రేటు కూడా తక్కువే. వాటిలో గట్టిగా చూడాల్సింది రాడ్ లోపలికి వెళ్లే చోట ఉండే సీల్. యంత్రం పక్కన దుమ్ము ఆగితే చాలు, చక్రం పక్కన నీళ్లు, బ్రేక్ ప్యాడ్ పొడి, ఇసుక కూడా ఆగాలి. దుమ్ము, నీళ్లు ఎంతవరకు ఆపుతుందో చెప్పే గుర్తు ఐపీ67 అని ఉంటే నిశ్చింత. ఐపీ54 మాత్రమే ఉంటే రాడ్డుకు రబ్బరు బూటు తొడగాలి. పనిచేసే ఉష్ణోగ్రత పరిమితి కూడా చదవండి, ఎగ్జాస్ట్ పక్కన పెడితే ఆ అంకె చాలా ముఖ్యం. ఆడియో మిక్సర్లలో వాడే స్లైడర్ పాట్‌ను గొట్టంలో పెట్టి సెన్సర్ చేయాలన్న ఉత్సాహం కొందరికి ఉంటుంది. అది కార్బన్ ట్రాకు, త్వరగా అరుగుతుంది, పైగా కొన్నింటిలో రెసిస్టెన్స్ సమానంగా కాక లాగరిథమిక్‌గా పెరుగుతుంది. వద్దు.

రెండో దారి మామూలు కార్ల నుంచి వచ్చేది. హెడ్‌లైట్ల ఎత్తు దానంతటదే సర్దుకునే కార్లలో, ఎయిర్ సస్పెన్షన్ కార్లలో సస్పెన్షన్ ఆర్మ్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఒక చిన్న సెన్సర్, దానికో చెయ్యి, ఒక లింకు ఉంటాయి. చాలావాటిలో లోపల ఉండేది హాల్ లేదా ఇండక్టివ్ రకం, రాసుకునే భాగమే ఉండదు. రోడ్డుమీద వానలో, బురదలో ఏళ్ల తరబడి బతకడానికి చేసినవి కాబట్టి సీల్ గురించి దిగులు అక్కర్లేదు. పాత కార్ల విడిభాగాల్లో కూడా దొరుకుతాయి. చిక్కులు మూడున్నాయి. కొన్ని మోడళ్లు వోల్టేజీకి బదులు పల్స్ వెడల్పునో డిజిటల్ సందేశాన్నో పంపుతాయి, మామూలు లాగర్‌కు అవి అర్థం కావు. 5 వోల్టులు ఇస్తే 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య బదులిచ్చేదే కావాలి. రెండోది, ఎడమ వైపుదీ కుడి వైపుదీ అద్దంలో బొమ్మల్లా ఉండొచ్చు, ఒకదాని వోల్టేజీ పెరిగితే రెండోదానిది తగ్గుతుంది. పాట్‌లోనైతే చివరి రెండు వైర్లు మార్చేస్తే సరి. హాల్ సెన్సర్‌లో అలా మారిస్తే అది కాలిపోవచ్చు, సాఫ్ట్‌వేర్‌లోనే గుర్తు తిప్పుకోవాలి. మూడోది, హెడ్‌లైట్ కోసం చేసిన కొన్నింటిలో గుంతల కుదుపు వడపోయడానికి లోపలే ఫిల్టర్ ఉంటుంది. ఎత్తు కొలవడానికి ఇబ్బంది లేదు, డ్యాంపర్ వేగానికి పనికిరాదు. చెయ్యిని చేత్తో చప్పున తిప్పి ఆసిలోస్కోప్‌లో చూస్తే వోల్టేజీ వెంటనే వచ్చిందా, నిదానంగా పాకిందా తెలిసిపోతుంది.

చెయ్యి ఉన్న సెన్సర్‌కు జ్యామితి కూడా కుదరాలి. కారు మామూలు ఎత్తులో నిలబడ్డప్పుడు చెయ్యికీ లింకుకూ మధ్య లంబకోణం ఉండాలి. 60 మిల్లీమీటర్ల చెయ్యి 20 డిగ్రీలు తిరిగితే కదలిక 20.5 మిల్లీమీటర్లు. కోణానికి నేరుగా లెక్క వేస్తే 20.9 వస్తుంది, అంటే రెండు శాతం తేడా. 30 డిగ్రీలకు అది నాలుగున్నర శాతం అవుతుంది. కాబట్టి 20 డిగ్రీలు దాటనివ్వకుండా చెయ్యి పొడవు ఎంచుకోవాలి, లేదా లాగర్‌లో పట్టిక ఇచ్చి సరిచేయాలి. లింకు, చెయ్యి ఒకే గీతమీదికి వచ్చేంత తిరగనిస్తే మరో ప్రమాదం: చెయ్యి అవతలికి బోల్తా పడుతుంది, తిరిగి రాదు.

సొంతంగా చేసుకునేవాళ్లు ఏఎస్5600 లాంటి అయస్కాంత కోణ చిప్ వాడుతుంటారు. ఇది నిజంగా చవక. రాకర్ (చక్రం కదలికను డ్యాంపర్‌కు అందించే తిరిగే చెయ్యి) పివట్ మీద వ్యాసం వెంబడి అయస్కాంతీకరించిన చిన్న బిళ్ల, దానికి ఎదురుగా ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో చిప్. కానీ 12 బిట్లు అన్న మాటకు మురిసిపోకండి. సెట్టింగులు మార్చకుండా వదిలేస్తే అది పూర్తి చుట్టుకు లెక్క. ఒక మెట్టు 0.088 డిగ్రీలు, 60 మిల్లీమీటర్ల చెయ్యి చివర 0.09 మిల్లీమీటర్లు. 100 మిల్లీమీటర్ల పాట్‌ను 10 బిట్ల లాగర్‌కు కలిపితే వచ్చేదీ అంతే. ఇంకా, దాని ఐ-స్క్వేర్డ్-సి (చిప్‌లు రెండు తీగలమీద మాట్లాడుకునే పద్ధతి) అడ్రస్ మార్చడానికి వీల్లేనిది, అందుకని నాలుగు చిప్‌లు ఒకే తీగల జతమీద కూర్చోవు, ఒక్కోదాన్ని వంతులవారీగా కలిపే మల్టీప్లెక్సర్ కావాలి. ఆ తీగలు సర్క్యూట్ బోర్డు మీద నడవడానికి పుట్టినవి, ఇగ్నిషన్ వైర్ల పక్కన మీటర్ల దూరం పరిగెత్తడానికి కాదు. అనలాగ్ అవుట్‌పుట్ వాడటమే సుఖం. బిళ్లను ఉక్కు బోల్టు తలమీద నేరుగా అంటించొద్దు, మధ్యలో అల్యూమినియమో ప్లాస్టికో పెట్టాలి.

తీగ లాగే స్ట్రింగ్ పాట్‌ను డ్యాంపర్‌కు పెట్టొద్దు. చక్రం చప్పున పైకి లేచినప్పుడు దాని స్ప్రింగ్ తీగను అంత వేగంగా చుట్టుకోలేదు, తీగ వదులై కొట్టుకుంటుంది. ఇక లేజర్ సెన్సర్లు నేల ఎత్తును నేరుగా చూస్తాయి, టైర్ నొక్కుకున్నది కూడా అందులో వస్తుంది. డ్యాంపర్ సర్దుకోవడానికే అయితే అవి దండగ, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? అయితే గాలి కిందికి నొక్కే డౌన్‌ఫోర్స్ కారులో పాట్ రీడింగునే నేల ఎత్తు అనుకోకూడదు. టైర్ గట్టిదనం మిల్లీమీటరుకు 200 న్యూటన్లయి, ఒక చక్రం మీద అదనంగా 1000 న్యూటన్లు పడితే టైర్ 5 మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది. సస్పెన్షన్ సెన్సర్‌కు అది తెలియదు.

ఇప్పుడు వైరింగ్. పాట్‌లో వైపర్ మీదుగా కరెంటు పారకూడదు. వోల్టేజీని చూసి చెప్పడమే దాని పని. లాగర్ ఇన్‌పుట్ కరెంటు లాగిందంటే నడిమి భాగంలో రీడింగు కుంగుతుంది. 5 కిలో ఓమ్‌ల పాట్‌ను 10 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్‌కు కలిపితే సరిగ్గా మధ్యలో 50 శాతం రావాల్సింది 44.4 వస్తుంది. 100 మిల్లీమీటర్ల సెన్సర్‌లో అది ఐదున్నర మిల్లీమీటర్ల అబద్ధం. ఇన్‌పుట్ 100 కిలో ఓమ్‌లైతే తప్పు 0.6 శాతం, ఒక మెగా ఓమ్ అయితే 0.06 శాతం. చాలా లాగర్లలో కొన్ని ఇన్‌పుట్‌లు ఉష్ణోగ్రత సెన్సర్ల కోసం ఉద్దేశించినవి, వాటిలో పిన్నును 5 వోల్టుల వైపు లాగే పుల్ అప్ రెసిస్టర్ కలిపి ఉంటుంది. పాట్ అక్కడ తగిలిస్తే గ్రాఫు వంకర పోతుంది. ఏమీ కలపకుండా ఆ పిన్ను దగ్గర మల్టీమీటర్ పెట్టండి, 5 వోల్టుల దగ్గర చూపిస్తే అది మీకు పనికిరాని పిన్ను. మామూలు ఇన్‌పుట్‌కు గ్రౌండ్ వైపు లాగే ఒక మెగా ఓమ్ పుల్ డౌన్ రెసిస్టర్ పెట్టుకోవడం మంచిది, వైరు తెగినప్పుడు రీడింగు గాలిలో తేలకుండా సున్నాకు పడిపోతుంది, తెగిందని వెంటనే తెలుస్తుంది.

సెన్సర్‌కు 5 వోల్టులు లాగర్ నుంచే ఇవ్వాలి, గ్రౌండ్ కూడా లాగర్ సెన్సర్ గ్రౌండ్‌కే తిరిగి రావాలి. లాగర్ తన సొంత 5 వోల్టులతో పోల్చి కొలిచే రకమైతే ఆ వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయినా సెన్సర్‌దీ దానితోపాటే మారుతుంది, రీడింగు కదలదు. వేరే రెగ్యులేటర్ నుంచి ఇస్తే ఆ సౌకర్యం పోతుంది. దగ్గర్లో ఉంది కదా అని ఛాసిస్ బోల్టుకు గ్రౌండ్ కలిపితే ఫ్యాన్ తిరిగిన ప్రతిసారీ కారు ఒక మిల్లీమీటరు లేచినట్టు డేటా చూపిస్తుంది. కరెంటు విషయంలో పాట్‌లు పొదుపరులే, 5 కిలో ఓమ్‌లవి నాలుగు కలిపి 4 మిల్లీ ఆంపియర్లు.

కొత్త పాట్‌లో వైర్ల రంగులను నమ్మొద్దు. మూడు వైర్లలో ఏ జంట మధ్య రెసిస్టెన్స్ రాడ్ కదిపినా మారదో ఆ రెండూ ట్రాకు చివరలు, మిగిలింది వైపర్. పొరపాటున 5 వోల్టులు వైపర్‌కు, గ్రౌండ్ ఒక చివరకు ఇచ్చారో, రాడ్ ఆ చివరికి వెళ్లగానే దాదాపు షార్ట్ అవుతుంది. ట్రాకు మీద చిన్న మచ్చ కాలుతుంది, ఆ తరవాత ఎప్పుడు అక్కడికి వెళ్లినా సిగ్నల్ తెగుతుంది.

బ్రాకెట్ మీద పొదుపు చేయడం తప్పు. ప్లాస్టిక్ టైలతో, వంగే రేకుతో కట్టిన సెన్సర్‌లో అర మిల్లీమీటరు వదులు ఉండటం మామూలే. గట్టి స్ప్రింగులున్న కారు మొత్తం ల్యాప్‌లో 20 మిల్లీమీటర్లే కదిలితే అందులో అర మిల్లీమీటరు చిన్నదేం కాదు, డ్యాంపర్ దిశ మారే ప్రతిచోటా అది అడ్డంగా ఒక మెట్టులా పడుతుంది. వీలైతే డ్యాంపర్‌ను పట్టే బోల్టులకే, డ్యాంపర్‌కు సమాంతరంగా బిగించాలి. 10 డిగ్రీలు వంకరైతే తప్పు ఒకటిన్నర శాతం, 20 అయితే 6 శాతం. జాగా లేక విష్‌బోన్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే ఆర్మ్) మీద పివట్‌కు దగ్గరగా పెడితే చిన్న సెన్సర్ సరిపోతుంది. చక్రం 100 కదిలినచోట సెన్సర్ 40 కదిలితే 50 మిల్లీమీటర్లది చాలు. వదులు మాత్రం రెండున్నర రెట్లవుతుంది. గొట్టం భాగం పైన ఛాసిస్ వైపు, రాడ్ కింద చక్రం వైపు ఉండాలి. అలా ఉంటే కేబుల్ నలగదు, నీళ్లు సీల్ దగ్గర నిలవవు. రాడ్ ఎండ్‌లు పూర్తి కదలికలో ఎక్కడా పట్టకూడదు. పక్క నుంచి ఒత్తిడి పడితే రాడ్డు వంగుతుంది, వైపర్ ట్రాకు నుంచి లేస్తుంది. స్ప్రింగ్ లేకుండా చక్రాన్ని కింది నుంచి పైదాకా, స్టీరింగ్ రెండు వైపులా తిప్పుతూ, చేత్తో కదిపి చూడటం తప్పనిసరి.

కాలిబ్రేషన్ కూడా అప్పుడే ముగించుకోవచ్చు. పది మిల్లీమీటర్ల చొప్పున డ్యాంపర్‌ను నొక్కుతూ వోల్టేజీ రాసుకోవాలి. పాట్‌కు రెండు బిందువులు చాలు, చెయ్యి ఉన్నదానికి అన్నీ కావాలి. సున్నా ఎక్కడ పెట్టాలన్నదానిపై పట్టింపులున్నాయి. కొందరు డ్రైవర్‌ను కూర్చోబెట్టి సెటప్ ప్యాడ్ (కారు కొలతలు తీసే చదునైన వేదిక) మీద సున్నా చేస్తారు. నా ఓటు పూర్తి డ్రూప్‌కు. జాకీ మీద చక్రాలు వేలాడుతున్నప్పుడు పెట్రోలు, డ్రైవర్ బరువు, టైర్ గాలి ఏవీ అడ్డురావు, ఎప్పుడు చూసినా అదే అంకె రావాలి. రాకపోతే బ్రాకెట్ జరిగిందన్నమాట.

డబ్బు రెండింటికే ఉంటే ఒకే ఇరుసు మీద రెండూ పెట్టండి, ఒరగడం, దిగడం రెండూ తెలుస్తాయి. రెక్కలున్న కారైతే ముందొకటి వెనకొకటి. నాలుగు కొనగలిగితే నాలుగూ ఒకే రకం.

వాడిన సెన్సర్ కొంటున్నప్పుడు ఒక పరీక్ష. పాట్‌కు 5 వోల్టులిచ్చి, లాగర్‌ను అత్యధిక రీడింగుల మీద పెట్టి, రాడ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పది సెకన్లలో నెమ్మదిగా లాగండి. గీత నున్నగా ఎక్కాలి. మల్టీమీటర్ అంకెలు చూసి సరిపెట్టుకోవద్దు, మిల్లీసెకన్ల తెగుదల దానికి కనబడదు. గీత రెండు చివరలా బాగుండి ఒక పది మిల్లీమీటర్ల మేర మాత్రమే గరుకుగా ఉంటే, అది పాత కారు నిలబడి ఉన్న ఎత్తు. ఇంజన్ వణుకుకు వైపర్ అక్కడే రాసుకుని రాసుకుని ట్రాకును అరగదీసింది. స్ట్రోక్ మిగులు ఉంటే సెన్సర్‌ను ఆ పది మిల్లీమీటర్లు జరిపి బిగించుకోవచ్చు, ఇంకొన్నాళ్లు పనిచేస్తుంది. మిగులు లేకపోతే అడిగిన ధర ఎంత తక్కువైనా తీసుకోవద్దు.

ఇట్లు,
ఒక రేస్ డేటా ఇంజినీర్